రాకెట్ నాజిల్ ఆకారం: తేలినవి, తేలనివి

రాకెట్ అడుగున గంటలా తెరుచుకుని ఉండే గొట్టాన్ని నాజిల్ అంటారు. దహనగదిలో పుట్టిన వేడి వాయువును ఒక ఇరుకు గొంతు గుండా పంపి, ఆ తర్వాత విశాలమయ్యే దారిలో వ్యాకోచింపజేసి, వేడినీ పీడనాన్నీ వేగంగా మార్చడమే దీని పని. ఈ పని వెనక ఉన్న భౌతికశాస్త్రం పందొమ్మిదో శతాబ్దం చివరికే చాలావరకు తెలిసిపోయినా, నాజిల్ ఏ ఆకారంలో ఉండాలన్న ప్రశ్న మీద ఇంజనీర్లు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. మరోవైపు బడి పిల్లల మోడల్ రాకెట్ల ప్రపంచంలో ఇదే ప్రశ్న వేరే రూపంలో, తరచూ పెద్ద రాకెట్ల నుంచి అరువు తెచ్చుకున్న వాదనలతో నడుస్తోంది. ఈ రెండు చర్చలూ కలగలిసిపోవడం వల్లనే గందరగోళం పెరిగింది. కనుక ముందు వాటిని విడదీసి, ఆ తర్వాత పోల్చి చూడవలసి ఉంది.

గొంతు దగ్గర జరిగేది

ధ్వని వేగం కంటే తక్కువ వేగంతో కదిలే వాయువు దారి ఇరుకైతే వేగం పుంజుకుంటుంది. ధ్వని వేగాన్ని దాటిన వాయువు విషయంలో ఇది తారుమారై, దారి విశాలమైనప్పుడే వేగం పెరుగుతుంది. అందుకే నాజిల్‌లో మొదట సన్నబడే భాగం, మధ్యలో గొంతు, ఆపైన విప్పారే భాగం ఉంటాయి. గదిలోని పీడనం బయటి పీడనానికి సుమారు రెట్టింపు అయితే చాలు, గొంతు దగ్గర వాయువు సరిగ్గా ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ స్థితి ఏర్పడిన తర్వాత బయటి పీడనాన్ని ఎంత తగ్గించినా గొంతు గుండా పోయే వాయువు పరిమాణం పెరగదు. అంటే రాకెట్ ఎంత వాయువును వదలాలో గొంతు వైశాల్యమూ గది పీడనమూ నిర్ణయిస్తాయి, ఆ వాయువు ఎంత వేగంతో పోవాలో విప్పారే భాగం నిర్ణయిస్తుంది.

రాకెట్‌ను ముందుకు నెట్టే థ్రస్ట్‌లో రెండు పాళ్లు ఉంటాయి. ఒకటి, సెకనుకు బయటికి పోయే వాయువు ద్రవ్యరాశిని దాని వేగంతో గుణించగా వచ్చేది. రెండోది, నాజిల్ మూతి దగ్గర వాయువు పీడనానికీ బయటి గాలి పీడనానికీ మధ్య ఉన్న తేడాను మూతి వైశాల్యంతో గుణించగా వచ్చేది. ఈ రెండో పాలే వివాదాలన్నిటికీ మూలం. మూతి దగ్గరి పీడనం బయటి పీడనంతో సమానమైనప్పుడు నాజిల్ ఆ ఎత్తుకు అచ్చంగా సరిపోయినట్లు లెక్క. మూతి పీడనం ఎక్కువగా ఉంటే వాయువు ఇంకా వ్యాకోచించే అవకాశం వృథా అవుతుంది. తక్కువగా ఉంటే బయటి గాలి వెనక్కి తోస్తుంది. మరీ తక్కువైతే వాయుధార గోడను విడిచి ఊడివస్తుంది. ఆ ఊడడం అన్ని వైపులా ఒకేలా జరగదు కనుక నాజిల్ మీద పక్కవాటు బలాలు పడి, గోడ పగిలే ప్రమాదం కూడా ఉంది.

లావల్ నుంచి గాడర్డ్ దాకా

సన్నబడి విప్పారే గొట్టాన్ని స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ ద లావల్ 1880ల చివర ఆవిరి టర్బైన్ కోసం వాడాడు. అంతకు వందేళ్ల ముందే హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల మైసూరు సైన్యం ఇనుప గొట్టాల రాకెట్లను యుద్ధాల్లో ప్రయోగించింది. వాటిని చూసి ఇంగ్లండులో విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను రూపొందించాడు. ఆ రాకెట్లలో పొగ పోవడానికి రంధ్రం ఉండేదే తప్ప విప్పారే భాగం ఉండేది కాదు. దీపావళి తారాజువ్వలో మందు కింద బిగించే మట్టి బిరడా, దాని నడుమ రంధ్రం ఇప్పటికీ ఆ పద్ధతికి గుర్తులే.

ఆవిరి టర్బైన్ గొట్టాన్ని రాకెట్‌కు తగిలించి కొలిచి చూసినవాడు అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ గాడర్డ్. నల్లమందు రాకెట్లు ఇంధనంలోని శక్తిలో రెండు శాతం దరిదాపునే వేగంగా మార్చగలుగుతున్నాయనీ, లావల్ నాజిల్‌తో అది అరవై శాతం దాటుతుందనీ ఆయన ప్రయోగాలు తేల్చాయి. నాజిల్ చరిత్రలో ఇంత పెద్ద దూకుడు మళ్లీ రాలేదు. ఆ తర్వాతి చర్చలన్నీ చివరి కొద్ది శాతాల గురించినవే అన్న సంగతిని మరచిపోతే ఏ వాదన బరువెంతో తెలియదు.

రాకెట్ వెనకనున్న గాలిని తన్ని ముందుకు పోతుందన్న అపోహ కూడా ఈ కాలం నాటిదే. శూన్యంలో రాకెట్ పనిచేయదని 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం గాడర్డ్‌ను ఎగతాళి చేసింది. చంద్రుడి వైపు అపోలో 11 సాగుతుండగా 1969 జూలై 17న ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకుంది. వాస్తవానికి బయట గాలి లేకపోవడం రాకెట్‌కు లాభమే. పైన చెప్పిన రెండో పాలు అప్పుడే పూర్తిగా దక్కుతుంది.

శంకువా, గంటా

మొదటి తరం పెద్ద రాకెట్లలో విప్పారే భాగం తిన్నని గోడల శంకువుగా ఉండేది. తయారీ సులువు కావడమే ఇందుకు కారణం. శంకువు గోడ నడిమి గీతతో 15 డిగ్రీల కోణం చేస్తే, వాయువులో కొంత పక్కలకు చెదిరిపోవడం వల్ల సుమారు 1.7 శాతం నష్టం వస్తుంది. కోణం తగ్గిస్తే నష్టం తగ్గుతుంది కానీ గొట్టం పొడవై బరువు పెరుగుతుంది.

1950లలో ఈ చిక్కును గణితంతో విప్పిన వారు కొందరున్నారు. వారిలో జి.వి.ఆర్. రావు పేరు నేటికీ నాజిల్ ఆకృతికి పర్యాయపదంగా నిలిచింది. 1958లో వెలువడిన ఆయన పరిశోధన ఒక నిర్ణీత పొడవులో గరిష్ఠ థ్రస్ట్ ఇచ్చే గోడ వంపు ఎలా ఉండాలో చూపింది. గొంతు దాటగానే గోడ వేగంగా విచ్చుకుని, ఆ తర్వాత క్రమంగా నిటారుకు వస్తుంది. ఆ వంపును పరవలయంతో దాదాపుగా గీయవచ్చని ఆయన తర్వాత చూపడంతో అది కర్మాగారాల్లోకి దిగింది. ఇలాంటి గంట ఆకారపు నాజిల్, సమానమైన శంకువులో 80 శాతం పొడవుతోనే అంతకు తగ్గని పనితనాన్ని ఇస్తుంది. ఈ చర్చ ముగిసినట్లే భావించవచ్చు. ద్రవ ఇంధన ఇంజన్లలో గంట గెలిచింది. చిన్న మోటార్లలో, లేత్ యంత్రం మీద నాజిల్ చెక్కుకునేవారి చేతుల్లో శంకువు మిగిలింది. రెండిటి మధ్య తేడా ఒకటి రెండు శాతమే కనుక ఆ ఎంపిక తప్పు కాదు.

ఎత్తుతో మారే పీడనం: నాలుగు దారులు

అసలైన వివాదం విస్తరణ నిష్పత్తి దగ్గర మొదలవుతుంది. మూతి వైశాల్యం గొంతు వైశాల్యానికి ఎన్ని రెట్లుందో చెప్పే సంఖ్య ఇది. నేలమీద గాలి పీడనం ఎక్కువ కనుక చిన్న నిష్పత్తి చాలు, శూన్యంలో ఎంత పెద్దదైనా లాభమే. ఒకే ఇంజన్ నేల నుంచి శూన్యం దాకా పోవలసి వస్తే ఏ నిష్పత్తిని ఎంచుకోవాలి?

మొదటి దారి రాజీ. శాటర్న్ 5 మొదటి దశలోని ఎఫ్-1 ఇంజన్‌కు 16 రెట్ల నిష్పత్తిని ఇచ్చారు. దాదాపు 70 వాతావరణాల గది పీడనానికి నేలమీద అచ్చంగా సరిపోయే నిష్పత్తి స్థూలమైన లెక్కలో తొమ్మిది దరిదాపున ఉంటుంది కనుక, ఆ నాజిల్ నేలమీద కొంత నష్టపోయి పైన రాబట్టుకునేలా రూపొందిందన్నమాట. అమెరికా స్పేస్ షటిల్ ప్రధాన ఇంజన్ ఇదే సూత్రాన్ని అంచు దాకా తీసుకుపోయింది. ఇంజన్ ఎంత పొదుపుగా పనిచేస్తుందో చెప్పే విశిష్ట ప్రచోదనం, అంటే ఒక కిలో ఇంధనం ఒక కిలో బరువుకు సమానమైన బలాన్ని ఎన్ని సెకన్లపాటు ఇవ్వగలదన్న కొలత, ఆ ఇంజన్‌కు నేలమీద 366 సెకన్లు, శూన్యంలో 452 సెకన్లు. ఈ తేడా అంతా బయటి గాలి పీడనం వల్ల వచ్చేదే.

రెండో దారి పనిని పంచడం. నేలనుంచి లేచే దశకు చిన్న నాజిల్, పైదశకు పెద్ద నాజిల్ పెట్టి, మధ్యలో మొదటి దశను వదిలేస్తారు. ఫాల్కన్ 9 రాకెట్‌లో ఒకే మెర్లిన్ ఇంజన్ కింది దశలో 16 రెట్లు, పైదశలో 165 రెట్ల నిష్పత్తితో ఉండడం ఇందుకు చక్కని ఉదాహరణ.

మూడో దారి నాజిల్‌ను ప్రయాణంలో మార్చడం. డెల్టా రాకెట్ల పైదశలో వాడిన ఆర్‌ఎల్10బి-2 ఇంజన్ కార్బన్ గొట్టం ముడుచుకుని వెళ్లి, దశ విడిపోయాక కిందికి జారి బిగుసుకుంటుంది. విస్తరణ నిష్పత్తి 280 దాటుతుంది, విశిష్ట ప్రచోదనం 465 సెకన్లు. జంట గంట అనే మరో ఆలోచన 1949లోనే వచ్చింది. గోడలో ఒక మెలిక పెడితే నేలమీద వాయుధార ఆ మెలిక దగ్గర విడిపోయి చిన్న నాజిల్‌లా, పైన పూర్తిగా అంటుకుని పెద్ద నాజిల్‌లా పనిచేస్తుందని దాని సారం. కదిలే భాగం ఒక్కటీ లేకుండా పని జరగడం దీని అందం. ఒక స్థితి నుంచి రెండో స్థితికి మారే క్షణంలో పక్కవాటు బలాలు ఎలా ఉంటాయన్నదే దీనికి అడ్డంకి.

నాలుగోది ఏరోస్పైక్. ఇందులో గంటను లోపలి నుంచి వెలుపలికి తిప్పినట్లు, వాయువు మధ్యనున్న మేకు లాంటి గోడను ఒక పక్కే అంటుకుని పారుతుంది. రెండో పక్క గోడగా బయటి గాలే పనిచేస్తుంది. గాలి పలచనవుతున్నకొద్దీ వాయుధార దానంతటదే విస్తరించుకుంటుంది కనుక ప్రతి ఎత్తులోనూ నాజిల్ ఆ ఎత్తుకు తగినట్లుంటుందన్నది వాదన. 1960ల నుంచి రాకెట్‌డైన్ సంస్థ దీన్ని నేలమీద మండించి చూసింది. ఎక్స్-33 వాహనం కోసం తయారుచేసిన ఎక్స్‌ఆర్‌ఎస్-2200 ఇంజన్ పరీక్షల్లో నిలిచింది కూడా. ఆ వాహనం 2001లో రద్దయింది. 1999లో దాని హైడ్రోజన్ ట్యాంకు పరీక్షలో విఫలం కావడం అందుకు ముఖ్య కారణమే తప్ప, నాజిల్ కాదు. ఏరోస్పైక్ అభిమానులు ఈ సంగతిని తరచూ ఎత్తిచూపుతారు, అందులో న్యాయం ఉంది.

అయితే ఎదుటి పక్షం వాదన ఇంకా బలమైనది. నాజిల్‌లో అత్యధిక వేడి తగిలేది గొంతు దగ్గర. ఏరోస్పైక్‌లో గొంతు ఒక సన్నని వలయంగా లేదా పొడవాటి చీలికగా సాగిపోవడంతో చల్లబరచవలసిన గోడ వైశాల్యం బాగా పెరుగుతుంది, దాంతో బరువూ పెరుగుతుంది. పైగా ఎత్తును బట్టి సర్దుకునే గుణం వల్ల లాభం మొదటి కొద్ది నిమిషాలకే పరిమితం, శూన్యంలో ఆ గుణానికి పని లేదు. దశలుగా విడిపోయే రాకెట్‌లో రెండో దారి ఆ లాభంలో ఎక్కువ భాగాన్ని ముందే చేజిక్కించుకుంటుంది. కాబట్టి ఏరోస్పైక్ భవితవ్యం, ఒకే దశలో కక్ష్యకు చేరే వాహనం ఎప్పటికైనా వస్తుందా అన్న ప్రశ్నతో ముడిపడి ఉంది. కక్ష్యకు ఉపగ్రహాన్ని మోసిన రాకెట్లలో ఏరోస్పైక్ వాడినది ఒక్కటీ లేదు.

వేడి, బరువు: భారత అనుభవం

పాఠ్యపుస్తకాల్లో నాజిల్ ఆకారానికి ఇచ్చే స్థలం, అది కరిగిపోకుండా ఎలా నిలుస్తుందన్న విషయానికి దక్కదు. ద్రవ ఇంధన ఇంజన్లలో గోడలోని సన్నని గొట్టాల గుండా ఇంధనాన్నే పారించి చల్లబరుస్తారు. ఘన ఇంధన మోటార్లలో అలాంటి ద్రవం ఉండదు కనుక, కొద్దికొద్దిగా కాలి రాలిపోతూ వేడిని మోసుకుపోయే పూతలను, గొంతు దగ్గర గ్రాఫైట్ లేదా కార్బన్ దిమ్మెలను వాడతారు.

పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ నాజిల్‌లో నియోబియం మిశ్రలోహం స్థానంలో వాడదగిన కార్బన్-కార్బన్ గొట్టాన్ని తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం అభివృద్ధి చేసిందని 2024 ఏప్రిల్‌లో ఇస్రో ప్రకటించింది. ఆ భాగం బరువు 67 శాతం తగ్గి, రాకెట్ మోయగల బరువు 15 కిలోలు పెరుగుతుందని అంచనా. ఆకారం మారలేదు, పదార్థం మారింది, ఫలితం వంపును సవరించి సాధించే దానికి తీసిపోలేదు.

వాయుధార గోడను విడిచే సమస్యకు శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ పైదశలోని సీఈ20 ఇంజన్ మంచి ఉదాహరణ. దీని విస్తరణ నిష్పత్తి 100. శూన్యానికి ఉద్దేశించిన ఈ నాజిల్ మూతి దగ్గర పీడనం 50 మిల్లీబార్లే, అంటే నేలమీది గాలి పీడనంలో ఇరవయ్యో వంతు. దీన్ని నేలమీద మండిస్తే ధార ఊడిపోవలసిందే. నాజిల్‌కు రక్షణ ఏర్పాటు చేసి 2024 నవంబరు 29న తమిళనాడులోని మహేంద్రగిరిలో సముద్రమట్టపు పీడనంలోనే మండించి చూశారు. అంతవరకూ ఇందుకు ఖర్చుతో కూడిన శూన్యపు గది ఏర్పాట్లు అవసరమయ్యేవి.

మోడల్ రాకెట్లు: మట్టి నాజిల్ లోకం

స్పుత్నిక్ కాలంలో అమెరికా కుర్రకారు ఇంట్లో మందు నూరి, ఇనుప గొట్టాల్లో నింపి రాకెట్లు కట్టడం, గాయపడడం, కొన్నిసార్లు ప్రాణాలు పోగొట్టుకోవడం పరిపాటిగా ఉండేది. దీనికి విరుగుడు నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్ 1954లో తయారుచేసిన చిన్న రాకెట్‌తో మొదలైంది. కాగితం గొట్టం, తేలికపాటి కర్ర రెక్కలు, ఒకసారి వాడి పారేసే సిద్ధమైన మోటారు, దిగడానికి పారాచ్యూట్ దాని లక్షణాలు. వైట్ శాండ్స్ ప్రయోగ కేంద్రంలో పనిచేస్తున్న జి. హ్యారీ స్టైన్ దీన్ని ఉద్యమంగా మలిచాడు. వెర్న్ ఎస్టెస్ కట్టిన యంత్రం మోటార్లను పెద్దఎత్తున తయారుచేయడంతో 1958 తర్వాత ఇది పరిశ్రమగా మారింది.

ఇక్కడినుంచి రెండు సంప్రదాయాలు చీలాయి. మొదటిదానిలో మోటారు కొనుక్కోవలసిందే, నాజిల్‌ను తాకకూడదు. కట్టేవారి నైపుణ్యం అంతా రాకెట్ దేహం మీదే. రెండోదానిలో మోటారు, నాజిల్ తయారీయే అసలు విద్య. పశ్చిమ వర్జీనియాలోని కోల్‌వుడ్ గని ఊరి కుర్రవాళ్లు లావల్ నాజిల్‌ను లెక్కగట్టి ఉక్కులో చెక్కించుకున్న వైనం హోమర్ హికమ్ రాసిన 'రాకెట్ బాయ్స్' ద్వారా లోకానికి తెలిసింది. రెండో సంప్రదాయం నేర్పే శాస్త్రం ఎక్కువ, తీసుకునే మూల్యమూ ఎక్కువ. భారతదేశంలో పేలుడు పదార్థాల చట్టం కింద అనుమతి లేకుండా మందు తయారుచేయడం నేరం కనుక ఇక్కడి విద్యార్థులకు ఆ దారి లేనట్లే.

కొనే మోటార్లను అక్షరాలతో వర్గీకరిస్తారు. మొత్తం ప్రచోదనం, అంటే బలాన్ని కాలంతో గుణించగా వచ్చేది, ఒక్కో అక్షరానికి రెట్టింపవుతుంది. 'ఏ' గరిష్ఠం 2.5 న్యూటన్ సెకన్లు, 'బి' 5, 'సి' 10. సి6-5 అని రాసి ఉంటే సగటు థ్రస్ట్ 6 న్యూటన్లనీ, మందు కాలాక అయిదు సెకన్లకు పారాచ్యూట్‌ను నెట్టే చిన్న పేలుడు జరుగుతుందనీ అర్థం.

ఈ నల్లమందు మోటార్ల నాజిల్ గట్టిగా దట్టించిన మట్టి. అందులో విప్పారే భాగం నామమాత్రం. దాన్ని లోతుగా తొలిస్తే రాకెట్ ఇంకా ఎత్తు పోతుందా అన్నది ఔత్సాహికుల మధ్య పాత తగవు. స్థూలమైన లెక్క ఒకటి వేసి చూడవచ్చు. ఎఫ్-1 లాంటి 70 వాతావరణాల గది పీడనం దగ్గర, నేలమీద, విప్పారే భాగం థ్రస్ట్‌ను ఆదర్శ స్థితిలో ముప్పై శాతం పెంచుతుంది. పది వాతావరణాల దగ్గర ఆ లాభం పదకొండు శాతానికి పడిపోతుంది, అప్పుడు కావలసిన మూతి వ్యాసం గొంతు వ్యాసానికి ఒకటిన్నర రెట్లే. అందులోనూ నల్లమందు కాలితే వచ్చే పదార్థంలో సగానికి పైగా ఘన, ద్రవ రేణువులు. అవి వ్యాకోచించవు, వాయువు వేగాన్ని అందుకోలేక వెనకబడతాయి. కాలుతున్నకొద్దీ మట్టి గొంతు అరిగి పెద్దదవుతుంది. ఇన్ని తీసివేతల తర్వాత మిగిలే లాభం, మోటారుకూ మోటారుకూ మధ్య సహజంగా ఉండే తేడాలో కలిసిపోయేంత చిన్నది. దానికోసం మోటారును తొలవడం భద్రతా నియమాల ఉల్లంఘన కూడా. అమోనియం పర్‌క్లోరేట్ వాడే పెద్ద మోటార్ల సంగతి వేరు. వాటి గది పీడనం ఎక్కువ కనుక గ్రాఫైట్, ఫినాలిక్ నాజిళ్లలో సరైన విప్పారే భాగం నిజంగానే ఫలితమిస్తుంది. ఆ తరగతికి చెందిన రెండు రాకెట్లు 2004లో టెక్సస్‌లో ఏరోస్పైక్ నాజిళ్లతో ఎగిరి దాదాపు 7,900 మీటర్ల ఎత్తుకు చేరాయి.

చిన్న రాకెట్‌లో నాజిల్ ఆకారం కంటే నాజిల్ స్థానం ఎక్కువ నష్టం చేయగలదు. మోటారును దేహపు గొట్టం లోపలికి గొట్టపు వ్యాసాన్ని మించి నెడితే, పొగధార చుట్టూ ఉన్న గాలిని లాగేసుకుని గొట్టంలో అల్పపీడనం ఏర్పరుస్తుంది, థ్రస్ట్ బాగా పడిపోతుంది. దీన్ని క్రుష్నిక్ ప్రభావం అంటారు. స్థానం గురించిన మరో భ్రమకు గాడర్డ్ కూడా లోనయ్యాడు. 1926 మార్చి 16న ఎగిరిన ఆయన తొలి ద్రవ ఇంధన రాకెట్‌లో నాజిల్ పైన, ట్యాంకులు కింద ఉండేవి. పైనుంచి లాగితే రాకెట్ లోలకంలా నిటారుగా ఉంటుందని అనుకున్నారు. బలం రాకెట్‌తో పాటే వంగుతుంది కనుక ఆ అమరికతో నిలకడ రాదని తర్వాత తేలింది.

నిలకడ రావాలంటే, గాలి బలాలన్నీ పనిచేసే పీడన కేంద్రం గరిమనాభికి వెనక ఉండాలి. తారాజువ్వ పుల్ల చేసేది ఇదే. రెక్కలున్న రాకెట్‌కు పీడన కేంద్రాన్ని లెక్కించే సూత్రాలను నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ 1960లలో అందించాడు. రెండు కేంద్రాల మధ్య దూరం కనీసం రాకెట్ వ్యాసమంత ఉండాలన్నది నేటి అనుభవ నియమం. మోడల్ రాకెట్ ఎత్తును నిర్ణయించే విషయాల్లో ఈ లెక్కకూ, దేహం బరువుకూ, నునుపుకూ ఉన్న ప్రాముఖ్యం నాజిల్‌కు లేదు.

నీటి రాకెట్ చెప్పే వేరే కథ

మందుతో పనిలేని నీటి రాకెట్‌లో నాజిల్ లెక్క పూర్తిగా భిన్నం. నీరు వ్యాకోచించదు కనుక విప్పారే భాగం వల్ల లాభం లేదు, గొంతు వైశాల్యం ఒక్కటే ముఖ్యం. థ్రస్ట్ సుమారుగా పీడనాన్ని వైశాల్యంతో గుణించి రెట్టింపు చేసినంత. గాలి పీడనం బయటికన్నా అయిదు బార్లు ఎక్కువగా ఉంటే, 22 మిల్లీమీటర్ల సీసా మూతి దాదాపు 380 న్యూటన్ల బలాన్ని లిప్తకాలం ఇస్తుంది, 9 మిల్లీమీటర్ల నాజిల్ 64 న్యూటన్లను ఎక్కువసేపు ఇస్తుంది. ఏది పైకి పోతుందన్న వాదన ఇంకా సాగుతోంది. వెడల్పు మూతి వేగాన్ని త్వరగా ఇచ్చి గాలి నిరోధాన్ని పెంచుతుంది, ఇరుకు మూతి నీటి బరువును ఎక్కువసేపు మోయిస్తుంది. జవాబు సీసా పరిమాణాన్నీ, ఖాళీ బరువునూ బట్టి మారుతుంది కనుక ఒకే విజేతను ప్రకటించడం సాధ్యం కాదు.

ఇంకా తేలవలసినవి

గంటకూ శంకువుకూ మధ్య తగవు ముగిసింది. ఏరోస్పైక్ విషయంలో భౌతికశాస్త్రం ఒప్పు, ఆర్థిక లెక్క ఇంకా ఋజువు కాలేదు. జంట గంటకు కావలసింది నేలమీది పరీక్షలు కాదు, కింది నుంచి పైదాకా సాగే పూర్తి ప్రయాణంలో అది మారే తీరును చూపే కొలతలు. చిన్న నాజిళ్లలో గోడ రాపిడి, రేణువుల వెనకబాటు కలిసి ఎంత తింటాయన్నది ఒక్కో మోటారుకు కొలిచి చెప్పవలసిందే తప్ప సూత్రంతో తేలదు.

ఈ చివరి ప్రశ్న మన బడులకు అందుబాటులో ఉన్నది. విజ్ఞాన ప్రదర్శనల్లో నీటి రాకెట్‌ను ఎగరేసి చప్పట్లు కొట్టించే నిర్వాహకులు, దాన్ని ఎగరేసే ముందు స్టాండుకు బిగించి, డిజిటల్ తూనికతో దాని తోపుడు బలాన్ని కొలిపించి, నాజిల్ వ్యాసాన్నీ గాలి పీడనాన్నీ పక్కనే రాయించడం తప్పనిసరి నియమంగా పెట్టాలి.